బండా, మట్టా, పేడా, ఎండా: కోనసీమ ఇంటి ఇంధనం లెక్క

కోనసీమలో మధ్యతరగతి ఇల్లు ఇంధనానికి మూడు చోట్ల డబ్బు కడుతుంది. వంటకు గ్యాస్ బండ, ఇంటికి కరెంటు, తిరగడానికి పెట్రోలు. మూడింటిలో ఏ ఒక్కదాని ధరా ఆ ఇంటి చేతిలో లేదు. దేశంలో వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే, అందులోనూ ఎక్కువ భాగం గల్ఫ్ దేశాల నుంచే వస్తుంది. సౌదీ అరాంకో కంపెనీ నెలనెలా ప్రకటించే ధరే ఇక్కడి లెక్కకు మూలం. అక్కడ ధర కదిలితే అమలాపురంలో బండ ధర ఎప్పుడో ఒకప్పుడు కదలక తప్పదు. 14.2 కిలోల బండ ఢిల్లీ ధర 2023 మార్చిలో 1,103 రూపాయలకు చేరింది. ఆ ఆగస్టు ఆఖరున 200, 2024 మార్చిలో 100 తగ్గి, 2025 ఏప్రిల్లో మళ్లీ 50 పెరిగింది. రవాణా ఖర్చు కలిసి ఇక్కడ అంతకంటే కాస్త ఎక్కువే పడుతుంది. 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 పథకం కింద అర్హులైన ఇళ్లకు ఏడాదికి మూడు బండలు ఉచితం. నలుగురున్న ఇంట్లో నెలకో నెలన్నరకో ఒక బండ అయిపోతుంది కాబట్టి మిగిలిన ఐదారు నుంచి తొమ్మిది బండలు సొంత డబ్బుతో కొనాల్సిందే.

ప్రత్యామ్నాయాలను పోల్చేటప్పుడు చూడాల్సింది సరుకు ధర కాదు, గిన్నెకు చేరిన వేడి. మూడు రాళ్ల పొయ్యిలో, మామూలు మట్టి పొయ్యిలో కట్టెలోని వేడిలో పదో వంతు మాత్రమే గిన్నెకు అందుతుంది. మిగిలింది గోడకీ గాలికీ పోతుంది. గ్యాస్ పొయ్యిలో నూటికి అరవై పాళ్ల పైన, ఇండక్షన్ పొయ్యిలో ఎనభై అయిదు పాళ్ల దాకా అందుతుంది. కిలో ఎల్పీజీలో ఉన్న వేడి కరెంటు భాషలో చెబితే పన్నెండున్నర యూనిట్లకు పైమాటే. అంటే ఒక బండ మొత్తం దాదాపు 180 యూనిట్లు. అందులో గిన్నెకు చేరేవి సుమారు 110. ఇండక్షన్ మీద అదే వంట చేయాలంటే మీటరు మీద 130 యూనిట్లు తిరుగుతాయి. ఈ 130 అనే అంకె గుర్తుంటే కింది లెక్కలన్నీ తేలిక.

అన్నిటికన్నా ముందు తోట సంగతి. కోనసీమ ఇంటికి డబ్బిచ్చి కొననవసరం లేని ఇంధనం కొబ్బరి చెట్టే. పెరిగిన చెట్టు నెలకు ఒక మట్ట చొప్పున ఏడాదికి పన్నెండు దాకా రాలుస్తుంది. ఎనిమిది మీటర్ల ఎడంలో నాటిన తోటలో ఎకరానికి అరవై చెట్లు వేసుకున్నా, ఏటా ఏడు వందలకు పైగా మట్టలు నేల మీద పడతాయి. దడులకూ పందిళ్లకూ పోగా మిగిలినవీ, ఎండిన గెలలూ, ఒలుపులో రాలిన డొక్క ముక్కలూ పొయ్యిలోకే. చిప్పల సంగతి వేరు. బొగ్గు చేయడానికీ, నీళ్లనూ గాలినీ శుద్ధి చేసే యాక్టివేటెడ్ కార్బన్ తయారీకీ వాటికి గిరాకీ ఉంది. డొక్కను పీచు మిల్లులు కొంటాయి. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి వ్యాపారం ఉన్న ఊళ్లలో చిప్పను పొయ్యిలో పెట్టడమంటే అమ్ముకోగలిగిన సరుకును కాల్చడమే. మట్టను మాత్రం కొని మోసుకుపోయేవాడు అరుదు. అందుకే అసలైన ఉచిత ఇంధనం మట్టే.

మట్ట మంట స్వభావం తెలిసినవాళ్లు ఆత్రేయపురం పూతరేకుల తయారీదారులు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు ఒక్కొక్కటిగా అందిస్తూ, పలుచటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. రేకు అక్కడికక్కడే ఆరి లేచొస్తుంది. మంట కుండ పొట్టంతా సమంగా తాకాలి, ఒకచోట కాలి ఒకచోట పచ్చిగా ఉండకూడదు. కొబ్బరాకు మంట తేలికగా లేచి, అంచుల దాకా పరుచుకుని, చేయి తీస్తే తగ్గిపోతుంది. గ్యాస్ బర్నరు మంట మధ్యలో గుండ్రంగా నిలబడిపోతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఈ కుటీర పరిశ్రమ పక్కనున్న తోటల ఆకు మీద ఆధారపడి నడుస్తోందన్న మాట. ప్రతి పనికీ ఖరీదైన ఇంధనమే మేలైనదన్న అభిప్రాయానికి ఇంతకంటే గట్టి జవాబు వెతకనక్కర్లేదు.

అయితే రోజూ మూడు పూటల వంటకు మట్ట పొయ్యి మంచిదని చెప్పడానికి వీల్లేదు. కారణం పొగ. ఇంటి లోపలి పొగ వల్ల వచ్చే గుండె జబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, పక్షవాతంతో 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగ పీల్చేది ఎక్కువగా ఆడవాళ్లు, వాళ్ల చంకలో ఉన్న పిల్లలు. కేంద్రం 1983లోనే పొగ లేని పొయ్యిల పథకం మొదలుపెట్టింది. చాలాచోట్ల గొట్టం పగిలాక బాగుచేసేవాడు లేక, ఇంట్లోని గిన్నెకూ పొయ్యి నోటికీ పొంతన కుదరక అవి మూలన పడ్డాయి. ఇప్పుడు దొరికే మెరుగైన పొయ్యిల్లో అడుగున జల్లెడ పలక, చుట్టూ వేడి పోకుండా పొర ఉంటాయి. మామూలు మట్టి పొయ్యి కన్నా సగం కట్టెతో పని అవుతుంది. వీటిని వంటింట్లో కాక దొడ్లో పెట్టుకుని వేన్నీళ్లకూ, వడ్లు ఉడకబెట్టడానికీ, పశువుల దాణాకూ వాడుకుంటే బండ ఆయుష్షు పెరుగుతుంది, పొగ ఇంట్లోకి రాదు. ఎండాకాలంలో కోసి పేర్చుకున్న మట్ట కప్పు కింద ఉంటేనే ఈ మాట. జులై నుంచి నవంబరు దాకా కోనసీమలో తడవకుండా ఉండే కట్టె అంటూ ఉండదు. తడి మట్ట మంట కన్నా పొగే ఎక్కువ ఇస్తుంది.

పాడి ఉన్న ఇంటికి ఇంకో దారి ఉంది. దేశంలో గోబర్ గ్యాస్ చరిత్ర పాతదే. ఇనప డ్రమ్ము తేలే నమూనాను ఖాదీ గ్రామీణ పరిశ్రమల సంఘం ఊరూరా తిప్పింది. తర్వాత ఇటుక గుమ్మటంతో, తక్కువ ఖర్చుతో కట్టే దీనబంధు నమూనా 1984లో వచ్చింది. ఆంధ్రలో ఈ పనులు చూసే నెడ్‌క్యాప్ (ఇప్పటి ఎన్ఆర్ఈడీక్యాప్) 1986లో ఏర్పడింది. లెక్క ఇలా ఉంటుంది. కిలో పచ్చి పేడ నుంచి సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ 0.43 కిలోల ఎల్పీజీకి సమానం. గేదె రోజుకు పదిహేను కిలోల దాకా, ఆవు పది కిలోల దాకా పేడ వేస్తాయి. రెండు గేదెలున్న ఇంటికి ఒక ఘనపు మీటరు గుంట సరిపోతుంది. రోజూ పాతిక కిలోల పేడ, అంతే నీళ్లు కలిపి పోస్తే నెలకు ఒక బండ మిగిలినట్టే. నాలుగైదు పశువులుంటే రెండు ఘనపు మీటర్ల గుంట పదహారు రోజులకొక బండ ఇస్తుంది. ఏడాది పొడుగునా వెచ్చగా ఉండే డెల్టా వాతావరణం దీనికి అనుకూలం. ఉత్తరాదిలో లాగా చలికాలంలో గ్యాస్ పడిపోదు. బయటికొచ్చే చిక్కటి మడ్డి వాసన రాని ఎరువు. కొబ్బరి పాదులో పోయడానికి దానికి మించింది లేదు.

ఇంత లాభమున్నా కోనసీమలో గుంటలు పెద్దగా నిలవకపోవడానికి ఈ నేలే ఒక కారణం. ఇక్కడ కొన్ని అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. నేలలో కట్టిన గుమ్మటాన్ని కింది నుంచి నీరు పైకి నెడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు గోడ బీటలు వారుతుంది. బీట సన్నదైనా గ్యాస్ ఆగదు. లోతు తగ్గించి, చుట్టూ మట్టి ఎత్తుగా పోసి కట్టడమో, నేల మీదే పెట్టే ప్లాస్టిక్ సంచీ, ఫైబర్ ట్యాంకు రకాలు ఎంచుకోవడమో ఇక్కడ సరైన పని. రెండో కారణం పశువులే. ట్రాక్టరు, వరికోత యంత్రం వచ్చాక దుక్కిటెద్దులు పోయాయి. పాడి కూడా తగ్గిన ఇళ్లలో పక్కింటి పేడ అడిగి తెచ్చి గుంట నడపడం నాలుగు రోజుల ముచ్చటే అవుతుంది. వంటింటి వ్యర్థాలతో నడిచే చిన్న ట్యాంకులు అమ్మకానికి ఉన్నాయి గానీ, నలుగురున్న ఇంట్లో పోగయ్యే తొక్కలూ మిగులు అన్నమూ రోజుకు ఒకటి రెండు కాఫీలకు, ఒక పూట కూరకు మించి రావు. కొబ్బరి పొట్టూ మట్టా ఇందులో వేస్తే కుళ్లవు, పైపును పూడుస్తాయి.

ఇక కరెంటు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్లో వచ్చిన ఇళ్ల శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. సర్దుబాటు చార్జీలు, సుంకం దీనికి అదనం. ఇక్కడే ఇండక్షన్ పొయ్యి కథ ఇంటింటికీ మారిపోతుంది. నెలకు 100 యూనిట్లు వాడే ఇల్లు గ్యాస్ మానేసి ఇండక్షన్‌కు మారితే వాడకం 230కి చేరుతుంది. పెరిగిన 130 యూనిట్లకు 756 రూపాయలు. బండ తొమ్మిది వందలనుకుంటే అదనపు చార్జీలు పోను మిగిలేది స్వల్పమే. అదే 200 యూనిట్లు వాడే, ఏసీ ఉన్న ఇల్లు మారితే ఆ 130 యూనిట్లకు 1,069 రూపాయలు. ఆ ఇంటికి గ్యాసే చవక. దుకాణంలో అమ్మేవాళ్లు చెప్పే ‘సగానికి సగం ఆదా’ రెండు ఇళ్లకూ వర్తించదు. పైగా ఇండక్షన్‌కు అడుగు చదునైన ఇనుము, స్టీలు గిన్నెలే కావాలి. సత్తు, ఇత్తడి, రాగి, మట్టి పాత్రలు పనికిరావు. రెండు వేల వాట్ల పొయ్యికి 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన వైరు ఉండాలి. పాత పెంకుటింటి వైరింగు మీద దాన్ని పెట్టడం ప్రమాదం.

ఆ కరెంటు సొంత ఇంటి కప్పు మీద పుడితే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం 78 వేలకు మించకుండా రాయితీ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్లు ఉచితంగా, బీసీలకు 20 వేల దాకా అదనపు రాయితీతో పెడతామని ప్రకటించింది. కిలోవాటు ప్యానెళ్లు రోజుకు నాలుగు యూనిట్ల చొప్పున నెలకు దాదాపు 120 యూనిట్లు ఇస్తాయి. వాటికి వంద చదరపు అడుగుల కప్పు కావాలి. నెలకు 350 యూనిట్లు వాడే ఇంటి బిల్లు శ్లాబుల లెక్కన 2,111 రూపాయలు. మూడు కిలోవాట్లు ఆ బిల్లును దాదాపు తుడిచేస్తాయి. రాయితీ పోను లక్షా పాతిక వేలలోపు పెట్టుబడి అయిదేళ్లలో తిరిగొస్తుంది. నెలకు వంద యూనిట్లే వాడే ఇంటికి బిల్లే మూడు వందల చిల్లర. ఒక్క కరెంటు కోసమే అక్కడ ప్యానెళ్లు పెడితే పెట్టుబడి రావడానికి పదేళ్లు దాటుతుంది. ఆ ఇల్లే రెండు కిలోవాట్లు పెట్టి వంటను కూడా ఇండక్షన్ మీదికి మారిస్తే, మూడు వందల బిల్లూ తొమ్మిది వందల బండా రెండూ పోతాయి. రాయితీ పోను డెబ్భై వేలు పెట్టుబడైతే అయిదేళ్లకు గట్టెక్కుతుంది. చిన్న ఇంటికి సోలార్ గిట్టుబాటయ్యేది వంటింటితో ముడిపెట్టినప్పుడే. ప్రచారంలో ఎక్కడా కనబడని సంగతి ఇది. రాత్రి వంటకు ఎండ ఎక్కడిదన్న ప్రశ్న ఉండదు. పగలు మిగిలిన కరెంటు నెట్ మీటరు ద్వారా తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ లైనులోకి పోయి, రాత్రి వాడకానికి సర్దుబాటవుతుంది.

కోనసీమలో అసలు చిక్కు ఎండతో కాదు, నీడతో. ఇళ్లన్నీ కొబ్బరి చెట్ల మధ్యనే. ప్యానెల్లోని గడులన్నీ వరసగా కలిపి ఉంటాయి కనుక ఒక మట్ట నీడ ఒక మూల పడినా ఆ మూలకు మించి నష్టం జరుగుతుంది. ఒక్కోసారి ఆ పలకలో మూడో వంతు పనిచేయడం మానేస్తుంది. నీడ ఎంత పొడుగన్నది కాలాన్ని బట్టి మారుతుంది. అమలాపురం అక్షాంశంలో జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు, నీడ చెట్టు మొదలు దాటదు. డిసెంబరు మధ్యాహ్నం ఇరవై మీటర్ల చెట్టు నీడ ఉత్తరంగా పదిహేడు మీటర్ల దాకా పరుచుకుంటుంది. మే నెలలో మేడెక్కి చూసి ‘నీడే లేదు’ అని సంతకం పెట్టించుకునే కంపెనీ ప్రతినిధి మాట మీద నిలబడటం తెలివైన పని కాదు. డిసెంబరులో ఉదయం తొమ్మిది నుంచి మూడు దాకా దక్షిణపు చెట్ల నీడ ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. కొంత నీడ తప్పదనుకుంటే పలక పలకకూ విడిగా మైక్రో ఇన్వర్టరు పెట్టుకోవచ్చు. ఖర్చు ఎక్కువైనా ఒకదాని నీడ ఇంకోదాన్ని ఆపదు. ఏటా ఎనభై తొంభై కాయలిచ్చే చెట్టును కొట్టేయడం చివరి మాట కావాలి.

నీడ లేకపోయినా చెట్టు దగ్గరుంటే ఇంకో రెండు గొడవలు. పై నుంచి జారిన కాయ, బరువైన మట్ట ప్యానెల్ అద్దాన్ని పగలగొట్టగలవు. దింపు సకాలంలో చేయించడం కూడా ప్యానెల్ నిర్వహణలో భాగమే. 2016 తర్వాత కోనసీమ తోటలను పట్టిన సర్పిలాకార తెల్లదోమ ఆకుల కింద చేరి జిగురు కారుస్తుంది. ఆ జిగురు మీద నల్ల బూజు పెరుగుతుంది. చెట్టు కింద ఉన్న ప్రతిదాని మీదా అది పడుతుంది. వానకు పోదు, తడి గుడ్డతో తుడవాల్సిందే.

ఉప్పుగాలి, తుపాను సముద్రం వైపు మండలాల్లో మరవకూడని విషయాలు. అంతర్వేది, సఖినేటిపల్లి, అల్లవరం, కాట్రేనికోన వైపు మామూలు ఇనప స్టాండు కొద్ది ఏళ్లలో తుప్పు పడుతుంది. వేడి జింకు పూత వేసిన స్టాండు, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, ఉప్పుగాలి పరీక్ష (ఐఈసీ 61701) పాసైన పలకలు అడిగి తీసుకోవాలి. మేడ మీద చోటు కలిసొస్తుందని ఎనిమిదడుగుల ఎత్తున పందిరిలా ప్యానెళ్లు పెట్టించుకోవడం ఇప్పుడు మోజు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో తోటలకు తోటలు పడుకున్న తుపానును చూసినవాళ్లు ఆ పందిరి కిందికి గాలి దూరితే ఏమవుతుందో ఊహించగలరు. అది పాత కథే కాదు, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. కప్పుకు దగ్గరగా, దక్షిణానికి పదిహేను పదహారు డిగ్రీల వాలుతో, పిట్టగోడ చాటున బిగించిన వరసే ఇక్కడ క్షేమం. పెంకుటింటి వాసాల మీద ఈ బరువు పెట్టేముందు వడ్రంగితో చూపించుకోవాలి. తాటాకింటి మీద కుదరనే కుదరదు.

కోనసీమ నేల కింద గ్యాస్ ఉంది, తాటిపాకలో ఓఎన్జీసీ చిన్న రిఫైనరీ ఉంది, ఊళ్ల పక్కన బావులున్నాయి. అయినా వంట గ్యాస్ లారీ ఎక్కి బయటి నుంచే వస్తుంది. బావుల్లోంచి వచ్చేది సహజవాయువు, బండలో ఉండేది ఎల్పీజీ. మొదటిది పైపులోనే రావాలి. ఉమ్మడి తూర్పుగోదావరిలో ఇళ్లకు పైపు గ్యాస్ ఇచ్చే లైసెన్సు హిందుస్థాన్ పెట్రోలియం, రాష్ట్ర గ్యాస్ పంపిణీ సంస్థ కలిసి పెట్టిన గోదావరి గ్యాస్ కంపెనీది. లైను వచ్చిన వీధిలో తీసుకోవడం లాభమే. వాడినంతకే మీటరు, ఖాళీ బండ బెంగ ఉండదు. సుమారు 18 ఘనపు మీటర్లు ఒక బండకు సమానమని గుర్తుపెట్టుకుంటే బిల్లును బండ ధరతో పోల్చుకోవచ్చు. సహజవాయువు గాలికన్నా తేలిక, లీకైతే పైకి పోతుంది. ఎల్పీజీ నేలన పేరుకుంటుంది. ఈ మాట చెప్పినా కోనసీమ జనానికి గొట్టమంటే భయం పోదు, అది అకారణమూ కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది ఎక్కువ ఒత్తిడితో దూరప్రాంతానికి పోయే ప్రధాన లైను. వంటింటికొచ్చే గొట్టంలో ఒత్తిడి దానితో పోలిస్తే చాలా స్వల్పం. రెండూ ఒకటి కావని చెప్పడం కన్నా, లైన్లను తనిఖీ చేస్తున్నామని ఊరికి చూపించడమే కంపెనీలకు మేలు.

ఇక మూడో ఖర్చు పెట్రోలు. దాని మీద రాష్ట్రంలో 31 శాతం వ్యాటు, లీటరుకు నాలుగు రూపాయలు, ఆపైన రోడ్ల సెస్సు ఒక రూపాయి పడుతున్నాయి. స్కూటరు మీద కిలోమీటరుకు రెండు రూపాయలు దాటుతుంది. ఎలక్ట్రిక్ స్కూటరు ఒక యూనిట్‌తో ముప్ఫై కిలోమీటర్లు పోతుంది. ఆరు రూపాయల శ్లాబులో చార్జి చేసినా కిలోమీటరుకు ఇరవై పైసలే. రాజోలు నుంచి అమలాపురానికి రోజూ ఉద్యోగానికి తిరిగేవాళ్లకు ముందుగా మార్చదగింది స్కూటరే. వారానికి ఒకసారి సంతకు పోయే ఇంటికి ఆ తొందర అక్కర్లేదు. కరెంటు కోసం ఇంటికి గాలిమర పెట్టుకోవడం మాత్రం ఇక్కడ దండగ. చెట్లు గాలిని ఆపుతాయి, తుపాను రెక్కల్ని విరుస్తుంది.

అద్దె ఇంటివాళ్లకూ తాటాకింటి వాళ్లకూ వీటిలో చాలా వరకు అందవు. వాళ్లకు మిగిలినవి కుక్కరు, నానబెట్టిన పప్పు, మూత పెట్టిన గిన్నె, దొడ్లో మట్ట పొయ్యి. సోలార్ పెట్టుకున్న ఇంటికీ ఒక లోటుంది. నెట్ మీటరు ఉన్న మామూలు వ్యవస్థ లైనులో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అలా చేశారు. తుపాను తర్వాత నాలుగైదు రోజులు ఊరంతా చీకటైనప్పుడు, ఎండ కాస్తున్నా ఆ ప్యానెళ్లు ఫ్యాను తిప్పవు. అది కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టుకోవాలి, ఖర్చు ఇంకో అరలక్ష పైన. అంత పెట్టలేనివాళ్లు అక్టోబరు, నవంబరు నెలల్లో నిండు బండ ఒకటి పక్కన ఉంచుకుంటే చాలు. లంక గ్రామాల్లో ఇన్వర్టరు, బ్యాటరీ, మీటరు బోర్డు 2022 జులై వరద గోడ మీద వదిలిన గుర్తుకు కనీసం మూరెడు పైన బిగించాలి.